ఊ కొట్టే లంక

విత్తనాలామెకి నత్తి ఉంది. అన్ని అక్షరాలకీ కాదు, ఒక్క ‘బ’ దగ్గరే. బీర, బెండ, బచ్చలి, బొబ్బర్లు, బూడిద గుమ్మడి. విత్తనాలు పంచే మనిషికి ఇంతకన్నా ఇబ్బందైన అక్షరం వెతికినా దొరకదు. దేవుడు తన నోటితో వేళాకోళమాడాడని ఆమే నవ్వుతూ అనేది, నవ్వొచ్చిన రోజుల్లో.

ఆమె ఉండేది నది ఒడ్డున పెద్ద సంతలో. ఏ విత్తనం ఏ కార్తెలో వేయాలో, ఏ తీగకి ఎంత పందిరి కావాలో అక్కడ కూర్చుని చెబుతుండేది. వినేవాళ్ళు పదిమంది ఉండేవాళ్ళు. ఆమెకి అది చాలు. తరవాత సంత చేతులు మారింది. కొత్త యజమాని నడిమధ్యన ఎత్తుగా ఒక గద్దె కట్టించి, ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళని దాని మీదికి ఎక్కించడం మొదలుపెట్టాడు. పోట్లాడుకునేవాళ్ళ గొంతే అన్నిటికన్నా పెద్దది కాబట్టి గద్దె మీద పొద్దస్తమానం పోట్లాటే. ఆమె ‘బ’ దగ్గర ఆగిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆ ఖాళీలోకి దూకేవాళ్ళు. ఏడాది తిరిగేసరికి తను ఒక్క వాక్యమైనా పూర్తి చేయలేదని ఆమెకి తెలిసొచ్చింది.

ఆమె అడిగేది పెద్దదేం కాదు. మొదలుపెట్టిన మాట చివరిదాకా చెప్పగలిగే చోటు ఒకటి కావాలి.

నది మధ్యలో లంకలున్నాయి. సంతలో ఉండలేనివాళ్ళు ఒక్కొక్కరే అక్కడికి చేరుతున్నారు. ఏ లంక కట్టుబాట్లు ఆ లంకవే. ప్రతి లంకలోనూ ఒక మంచె, ఆ మంచె కాయడానికి ఒక పెద్ద. నీళ్ళ మీద మాట బాగా సాగుతుంది. ఒక లంకలో మంచె ఎక్కి పలికితే పక్క లంకవాళ్ళు అందుకుని అవతలి లంకకి పలుకుతారు. అలా ఏ లంకలో ఉన్నా అందరితోనూ మాట్లాడుకోవచ్చు. అయితే కాపురం మాత్రం ఒక్క చోటే. అందుకే లంకల్లో ముందు పేరు అడగరు, ఏ లంక అని అడుగుతారు.

విత్తనాలామె మూటలు కట్టుకుని పడవెక్కింది.

మొదట పెద్ద లంక వచ్చింది. రేవులో నిలువెత్తు బోర్డు. అందరూ రావచ్చు అని రాసి ఉంది. నిజంగానే అందరూ వచ్చేశారు. కాలు పెట్టే జాగా లేదు. అయినా రేవులో నలుగురు ఆమెకి ఎదురొచ్చి మూటలందుకుని, ఏం విత్తనాలని అడిగారు. ఆమె “బూ...” అంది. “బూరుగా?” అన్నారొకరు. కాదని తలూపి మళ్ళీ “బూ...” అంది. “బూందీ చెట్టేమో” అని ఇంకొకాయన నవ్వించబోయాడు. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. సాయం చేస్తున్నామనే అనుకున్నారు. మాట తన్నుకుపోయే సాయం అది. నాలుగో రోజుకి ఆమె విసిగిపోయి ఎవరేమంటే దానికి తలూపింది. బూరుగు మొక్కల కోసం గుంటలు తవ్వి, చివరికి బూడిద గుమ్మడికాయలు కోసుకున్నవాళ్ళు ఆ లంకలో ఇప్పటికీ ఉన్నారు.

తరవాతది మిరప లంక. అక్కడ అందరూ మిరపే వేస్తారు. ఆమె దిగీ దిగగానే చెంబుతో నీళ్ళిచ్చారు, చాప వేశారు, ఎంత నెమ్మదిగా మాట్లాడినా ఓపిగ్గా విన్నారు. ఆమె ప్రాణం కుదుటపడి మూట విప్పింది. మిరపవి తప్ప మిగతా విత్తనాలు చూసి వాళ్ళ నవ్వులు చెరగలేదు గానీ, చాప కొస మెల్లగా వెనక్కి జరిగింది. మిరప గురించి చెప్పమన్నారు. మిగతావాటి గురించి కూడా చెబుతానంది. అలాగే అన్నారు, ఎవరి పనిలోకి వాళ్ళు వెళ్ళిపోయారు. తిరిగి వెళ్ళేటప్పుడు రేవులో బోర్డు మళ్ళీ చదివింది. మనవాళ్ళందరికీ స్వాగతం అని ఉంది. వచ్చేటప్పుడు మొదటి మాట ఆమె సరిగ్గా చదవలేదు.

పడవ ఎగువకి సాగింది. ఎగువ లంక రేవులో ఇంకో బోర్డు కనిపించింది. ఇక్కడ ఎవరైనా ఏమైనా అనొచ్చు. ఆమెకి ఆశ పుట్టింది. ఎవరైనా అంటే తను కూడా కదా. అక్కడ ఆపమని పడవాయన్ని అడిగింది. ఆయన తెడ్డు ఆపలేదు.

“అనొచ్చనే రాశారండి. ఇంటామని రాయలేదు” అన్నాడు.

ఆమె ఉసూరుమని కూర్చుంది. కాసేపటికి ఆయనే మళ్ళీ మాట్లాడాడు. తను ఇన్నేళ్ళుగా జనాన్ని దింపుతున్నానని, బోర్డు చదివి దిగినవాళ్ళలో సగంమందిని మళ్ళీ తనే ఎక్కించుకోవాల్సొస్తోందని చెప్పాడు. ఒక లంక మంచిదో కాదో తేల్చుకోవాలంటే దాని రేవులో ఓ గంట ఊరికే కూర్చోవాలట. కొత్తవాళ్ళు నోరు తెరిస్తే పాతవాళ్ళు ఏం చేస్తున్నారో చూడాలట. ఆమెకి అది నచ్చింది. ఈసారి అలాగే చేద్దామనుకుంది.

అలా దిగింది చిన్న లంకలో. అక్కడ బోర్డే లేదు. కూర్చోడానికి ఒక చెక్క ఉంది. పక్కనే ఒక కుండలాయన మట్టి తొక్కుతున్నాడు. ఆమె కూర్చుంది. చూడ్డానికి వేరే కొత్తవాళ్ళెవరూ రాలేదు. ఇక తనే కొత్త మనిషి.

“ఏం తెచ్చారమ్మా?” అన్నాడు కుండలాయన.

“బూ...”

“ఊ” అన్నాడాయన. మట్టి తొక్కుతూనే ఉన్నాడు. ఆమె వైపు జాలిగా చూడలేదు, మాట అందివ్వలేదు, ఎదురుచూస్తున్నట్టు మొహం కూడా పెట్టలేదు. పాదాల కింద మట్టి పదిసార్లు అణిగి లేచింది.

“బూడిద గుమ్మడి” అంది ఆమె.

“ఊ.”

ఆమె ఆగలేదు. బూడిద గుమ్మడి చెప్పింది, బీర చెప్పింది, ఆ తరవాత బచ్చలి. సంత గురించి చెప్పింది, గద్దె గురించి చెప్పింది. ఆయన ప్రతి మాటకీ ఊ కొట్టాడు. మొత్తం చెప్పేసరికి నీడ చెక్కకి అవతలి పక్కకి తిరిగింది. చివర్న ఆమెకి ఏడుపొచ్చింది. అంతకుముందు ఏడాదంతా ఏడవని ఏడుపు అది. కుండలాయన దానికి కూడా ఊ కొట్టాడు.

ఆ లంక ఆచారం అది. కథ చెప్పేవాళ్ళకి ఊ కొట్టడం ఎక్కడైనా ఉన్నదే. ఊ వినపడకపోతే కథ ముందుకి నడవదు, చెప్పేవాళ్ళు కాసేపు చూసి ఆపేస్తారు. ఈ లంకవాళ్ళు కథలకే కాదు, ఎవరేం మాట్లాడినా చివరిదాకా ఊ కొడతారు. దానికి వంతులు కూడా పెట్టుకున్నారు. పొద్దున్నే మంచె కాసే పెద్దాయన “ఇయ్యాల ఊ ఎవరిది?” అని అడుగుతాడు. ఎవరి వంతైతే వాళ్ళు తమ పని తెచ్చుకుని మంచె కింద కూర్చుంటారు. లంకలోవాళ్ళు మంచె ఎక్కి మాట్లాడినా, వేరే లంక మాట నీళ్ళ మీద తేలి వచ్చినా, ఊ కొట్టేది వాళ్ళే.

విత్తనాలామె అక్కడే ఉండిపోయింది. మంచె ఎక్కి విత్తనాల సంగతులు చెప్పడం మొదలుపెట్టింది. ‘బ’ దగ్గర ఆగేది. కింద నుంచి ఊ వచ్చేది. ఆమె మాటలు లంకలన్నీ దాటి వెళ్ళేవి. పెద్ద లంక నుంచి బూడిద గుమ్మడి వడియాలెలా పెట్టాలని ఎవరో అడిగితే ఆ పూటంతా ఆమె నవ్వుతూనే ఉంది. చిన్న లంక పొలంలో బీరపాదు పెట్టి, వెదురు కర్రలతో పందిరి వేసింది. పందిరి వేయడమంటే మళ్ళీ పడవెక్కనని చెప్పడమే.

ఎగువ లంకలో ఒక పెద్ద గొంతాయన ఉన్నాడు. ఆయనకి పనేం లేదు, గొంతు ఉంది. ఒకరోజు పొద్దున అక్కడి మంచె ఎక్కి విత్తనాలామెలాగా మాట్లాడాడు. “బ్బబ్బబ్బీర విత్తనాలు” అన్నాడు. ఆయన చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నోరు తిరగనివాళ్ళు మంచెలెక్కకూడదన్నాడు. అంటూ, అలవాటు కొద్దీ, ఆగాడు.

చిన్న లంక మంచె కింద నుంచి “ఊ” అని వినిపించింది.

మాట పూర్తి చేయలేనివాళ్ళ చేతి విత్తనం మొలకెత్తదన్నాడు. “ఊ” అని వచ్చింది. అలాంటివాళ్ళు నోరు మూసుకుని ఓ మూల కూర్చుంటే అందరికీ మంచిదన్నాడు. దానికీ “ఊ” అనే వచ్చింది.

ఆరోజు ఊ చాపలామెది. మనిషి వెన్న. ఒడినిండా తుంగ పెట్టుకుని, కళ్ళు అల్లిక మీద, చెవులు ఎక్కడో పెట్టుకుని, చెయ్యి ఆడినట్టే నోరూ ఆడించింది. కానీ ఊ అనేది చిత్రమైన మాట. పక్కనున్నవాళ్ళకి అది వింటున్నానని. అవతలి ఒడ్డున ఉన్నవాళ్ళకి అది ఔనని. మధ్యాహ్నానికల్లా కబురు మిరప లంక దాటి, పెద్ద లంక దాటి, సంత దాకా పోయింది. విత్తనాలామె నోరు మూసుకోవాలని ఎగువ లంకాయన అన్నాడు, ఆమె సొంత లంకే ఊ అంది.

విత్తనాలామె పందిరి కింద ఉండి అంతా వింది. ఎగువాయన మాటలకి ఆమె అంతగా అదరలేదు. అలాంటివి సంతలో చాలా విని ఉంది. మూడు ఊలు మాత్రం మూడు దెబ్బల్లా తగిలాయి. విత్తనాలు మూటలు కట్టుకుని రేవుకి వెళ్ళి చెక్క మీద కూర్చుంది. పడవ రావడానికి చాలా టైముంది.

మంచె పెద్దాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. మూటల వైపు చూశాడు, ఎక్కడికని అడగలేదు. ఆమె చెప్పేదేం లేదన్నట్టు మొహం తిప్పుకుంది. ఆయన కూర్చునే ఉన్నాడు. చాలాసేపటికి ఆమె మొదలుపెట్టింది. మధ్యలో కోపంతో మామూలు అక్షరాల దగ్గర కూడా ఆగిపోయింది. ఆయన మాట అందివ్వలేదు. పడవ వచ్చింది. పడవాయన తాడు కట్టి, ఎక్కమనకుండా, తను కూడా మెట్టు మీద కూర్చుని విన్నాడు.

ఈలోగా చాపలామెకి ఎవరో చెప్పినట్టున్నారు. చేతిలో తుంగపోచలతోనే పరిగెత్తుకొచ్చింది.

“నేను ఇంటన్నానని కొట్టానమ్మా” అంది. “ఒప్పుకున్నానని కాదు.”

“ఆ సంగతి నీకు తెలుసు” అంది విత్తనాలామె. “దూరం నుంచి విన్నవాళ్ళకి తెలియదు. పందిరి దూరమేం కాదు. నాకూ తెలియలేదు.”

చాపలామె అక్కడే కూలబడి కళ్ళు తుడుచుకుంది. చేతిలో ఉన్న పోచ కంట్లో గుచ్చుకుని ఇంకొంచెం ఏడవాల్సొచ్చింది.

సాయంత్రం ఎండ తగ్గకముందే అందరూ మంచె దగ్గర చేరారు. ఇకమీదట ఎగువ లంక మాటకి ఊ కొట్టకూడదని, అందుకుని పక్క లంకకి పలకకూడదని పెద్దాయన అన్నాడు. కుండలాయన అడ్డం చెప్పాడు. ఎవరికైనా ఊ కొడతామనే కదా ఈ లంక పుట్టింది, మనిషిని చూసి కొడితే మనకీ మిరప లంకకీ తేడా ఏముందని అడిగాడు. ఆయన అడిగింది తేలిగ్గా తీసిపారేసేది కాదు. పెద్దాయన కూడా తీసిపారేయలేదు.

“ఊ ఎందుకు పెట్టుకున్నాం? మాట పూర్తవనివ్వనోళ్ళ మధ్య నుంచి వొచ్చాం గనక” అన్నాడు. “ఆయన మాటకి ఎవుడూ అడ్డం రాలేదు. అది ఎప్పుడో పూర్తయిపోయింది. దానికి మన ఊ ఎందుకు?”

ఎగువ లంక మొత్తానికా అని విత్తనాలామె అడిగింది. అంత దూరం నుంచి ఏ గొంతు ఎవరిదో ఎలా తేలుస్తామని, మొత్తానికే అని అన్నారు. ఆమె తలూపింది. నిజం చెప్పాలంటే ఆమెకి హాయిగా అనిపించింది. తన కోసం ఒక లంక లంకంతా తలుపేసుకోవడం ఆమె బతుకులో ఎన్నడూ జరగలేదు. పడవాయన మూటలు తిరిగి పొలం దాకా మోసుకొచ్చి పెట్టాడు. కుండలాయన మాత్రం రేపటి నుంచి తనకి వంతు వద్దన్నాడు. తన మొదటి మాట విన్న మనిషి తన వల్లే ముభావంగా వెళ్ళిపోతుంటే ఆమెకి బాధేసింది. ఆయన వంతు తను తీసుకుంటానంది.

మర్నాడు పెద్ద గొంతాయన మళ్ళీ మంచె ఎక్కాడు. ఒక మాట అని ఆగాడు. చిన్న లంక నుంచి ఏమీ రాలేదు. ఇంకాస్త గట్టిగా రెండో మాట అన్నాడు. నీళ్ళ చప్పుడు వినిపించింది. మూడో మాట మొదలుపెట్టి, ఏం చెబుతున్నాడో మర్చిపోయి, “ఇంటన్నారా?” అని అడిగాడు. చాపలామె రెండు చేతులతోనూ నోరు మూసుకుంది, అలవాటు మహా చెడ్డది. ఆయన గొంతు సవరించుకుని దిగిపోయాడు. నాలుగు రోజులు అలాగే ఎక్కాడు, దిగాడు. తరవాత ఎక్కడం మానేశాడు. ఎగువ లంక వైపు నుంచి ఇక ఏ మాటా రాలేదు. కొన్నాళ్ళకి ఆ వైపొక లంక ఉందన్నదే మర్చిపోయారు.

బీరతీగ పందిరంతా అల్లుకుంది. సాయంత్రం పూట పసుపు పూలు విచ్చుకుంటున్నాయి. తొలి కాపు విత్తనాలామె లంకలో ఇంటింటికీ ఇచ్చింది. కుండలాయన గుమ్మంలో కూడా నాలుగు కాయలు పెట్టి, పిలవకుండా వచ్చేసింది. మర్నాడు ఆమె గుమ్మంలో ఒక కొత్త కుండ ఉంది. మాటలు మాత్రం ఇంకా మొదలవలేదు.

ఒక పొద్దున ఊ వంతు ఆమెకి వచ్చింది. మంచె కింద కూర్చుని ఎండిన కాయలు చిదిపి గింజలు ఏరుతోంది. చాపలామె పక్కనే అల్లుకుంటోంది. కాస్త అవతల కుండలాయన సారె తిప్పుతున్నాడు. అప్పుడు నీళ్ళ మీద ఒక గొంతు వచ్చింది. ముసలి గొంతు, సన్నగా, ఎన్నాళ్ళుగానో వాడకుండా దాచినట్టుంది.

“మ...” అంది.

ఎగువ లంక వైపు నుంచి వచ్చింది.

పెద్దాయన మంచె మీద లేచి నిలబడి చూశాడు. అక్కడి మంచె ఖాళీగా ఉంది. గొంతు దాని కింద ఎక్కడో, నీటి అంచు నుంచి వస్తోంది. “మ... మ...” అని ఆగింది. ఆ ఆగడం ఏమిటో విత్తనాలామెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. పెదవులు ఒకదానికొకటి అంటుకుపోయి, మాట గొంతులోనే ఉండి, అవతలివాళ్ళు విసుక్కుని వెళ్ళిపోతారేమోనన్న భయం మెడ మీద కూర్చుని ఊపిరాడనివ్వకపోవడం. ఎవరైనా ఏమైనా అనొచ్చని రాసిన చోట ఈ మనిషి ఇన్నేళ్ళూ ఏం చేశాడో ఆమెకి అర్థమైంది. చేతిలో గింజలు ఒళ్ళోకి జారిపోయాయి.

అందరూ ఆమె వైపు చూశారు. కట్టుబాటు ఆమె కోసం పెట్టిందే. ఆమె నోరు మూసుకుని కూర్చుంటే ఎవరూ తప్పనరు.

“మ...” అంది గొంతు, ఇంకా సన్నగా.

“మంచినీళ్ళేమోనమ్మా” అంది చాపలామె గుసగుసగా. “మందేమో, పాపం” అన్నారు ఇంకెవరో. మరొకరు నోరు తెరవబోయారు. విత్తనాలామె చెయ్యెత్తి వాళ్ళని ఆపింది.

కుండలాయన సారె ఆగింది.

ఆమె నీళ్ళ వైపు తిరిగింది. ఆ ఒడ్డుకి వినపడేంత గట్టిగా అంది.

“ఊ.”

అని, ఒళ్ళో గింజలు మళ్ళీ ఏరుకోవడం మొదలుపెట్టింది. ఆమెకి తొందరేం లేదు.